చిల్లర బాకీ

టికెట్టు వెనక పెన్నుతో రాసిస్తం కదా,
దిగేటప్పుడు అడుగు, ఇస్తనని.
సగం మంది అడగరు, మరిచి దిగిపోతరు.
ఆ చిల్లర నా తోలుసంచిల రాత్రిదాకా గలగలమంటది.

ఐలేషు నాకు పద్దెనిమిది కిలోమీటర్లు బాకీ.

పందొమ్మిదేండ్లు ఒక్కటే బండి మాది.
ఆయనది స్టీరింగు, నాది సంచి.
ముషీరాబాద్ డిపోల తెల్లారగట్ల నాలుగింటికి
టైరును కాలితో తన్ని
"లేసినవా ముసల్దానా" అని బస్సును పలకరించేటోడు.

తార్నాక దవఖానల డాక్టరమ్మ అడిగిందట,
పొట్ట స్టీరింగుకు తగులుతదా అని.
"హారన్ అదే కొడుతది మేడం."
ఆమె నవ్వలేదు. నడువుమని రాసింది.
నడకతోటి ఆగే మనిషా?
"ఇన్నేండ్లు ఈ రోడ్డును తొక్కింది టైర్లే జంగన్నా,
నా కాళ్లకు ఈ పట్నం తెలవదు" అన్నడు.
అట్ల మొదలైంది ఉరుకుడు.

డ్యూటీ దిగినంక పార్సీగుట్ట సందులల్ల,
కుక్కలు ఎంటబడితే ఇంకింత జోరుగ.
మెట్టుగూడ ఎత్తు మీద నేను వంగిపోతే
"టాప్ గేర్ల ఎక్కకు, రెండో గేరు, రెండో గేరు."
ఎప్పుడూ నా కుడిపక్కనే.
అది డ్రైవరు సీటట.

ఆగస్టు నెల, సన్న తుంపర, నలభై రెండు కిలోమీటర్లు.
నెక్లెస్ రోడ్డు మీద చీకట్ల వేలమంది,
హుస్సేన్ సాగర్ కంపు, నొప్పుల మందు వాసన.
పంజగుట్ట ఫ్లైఓవరును మొదటిసారి బస్సు లేకుండ ఎక్కినం.
నా నోరు ఊకోలే,
స్టాపు వచ్చినకాడల్లా పేరు పిలిచిన.
ముందట ఉరికే పిలగాళ్లు తిరిగి చూసి నవ్విన్రు.

కేబుల్ వంతెన దాటినంక
ఇరవై నాలుగో బోర్డు కాడ
మోకాళ్ల మీద చేతులు పెట్టిండు.
మొఖం నలిగిన నోటు లెక్కయింది.
"పద్దెనిమిది బాకీ. టికెట్టు వెనక రాస్కో."
నేను కదల్లే.
పందొమ్మిదేండ్లు నేను చెప్పిన మాట
అప్పుడు ఆయన చెప్పిండు:
"రైట్, రైట్."
నేను పోయిన.
ఎవరన్నా అడిగితే దాయను. నేను పోయిన.

దీపావళికి ముందటి మంగళవారం
ఆఖరి ట్రిప్పు అయినంక
బండిని డిపోల సరిగ్గ గీత మీద నిలబెట్టి
హ్యాండ్ బ్రేకు ఏసి
స్టీరింగు మీద తల పెట్టుకున్నడు.
కునుకు తీస్తున్నడనుకొని
నేను లెక్క కట్టుకుంట కూసున్న.
పది రూపాయలు తక్కువ వచ్చినయి.
రెండుసార్లు లెక్కపెట్టిన.

ఇప్పుడు ఆదివారం ఆదివారం
మొదటి బస్సుకు పోయి వంతెన అవతల దిగుత.
బోర్డు లేదు. డివైడరు, దుమ్ము పట్టిన కాగితం పూలు.
అక్కడినుంచి ఉరుకుత.
నావి ఎప్పుడో అయిపోయినయి, ఇవి ఆయన కిలోమీటర్లు.
"ఉరికితే వస్తడా అన్నా?" అన్నది కళావతమ్మ.
రాడు.
అయినా శనివారం రాత్రి నిమ్మకాయ నీళ్లు సీసాల పోసి పంపిస్తది,
ఉప్పు జర ఎక్కువ.

కుడిపక్క జాగ ఇడిసి ఉరుకుత.
అన్నం డబ్బాలు మోసే బండి పిలగాడు
ఆ జాగల నుంచే దూరి పోతడు, హారన్ కొట్టుకుంట.
తిడదామనుకుంట. పొద్దుగాల ఎవరి ఆకలో, పోనీ.

రుణం తీరితే మనిషి తీరుతడని మా అవ్వ అనేది.
అందుకే పదిహేడున్నర కాడ,
గచ్చిబౌలి స్టేడియం గేటు కనబడుతుండంగనే
"హోల్డాన్" అంట, పైకే.
కాళ్లు నమ్మవు, నాలుగడుగులు పోయి ఆగుతయి.

మధ్యాహ్నం మళ్ల డ్యూటీ.
కొత్త డ్రైవరు ప్రణీత్, మంచి పిలగాడే,
గుంతలు చూడడు.
గుంత వచ్చినప్పుడల్లా
సంచిల చిల్లర ఎగిరి పడుతది.